గైడ్ల శిబిరంలో ‘ఇస్తినమ్మ వాయనం’: చేతితో చేసిన గురుతుల మార్పిడి వెనుక లెక్కలు

బొటనవేలంత వస్తువు. రంగు అట్టముక్కో, జాకెట్టు గుడ్డ పేలికో, రెండు గుండీలో, కాస్త జిగురు, వెనకవైపు ఒక పిన్నీసు. దాన్ని చేసిన అమ్మాయి మరో ఊరి నుంచి వచ్చిన అమ్మాయికి ఇస్తుంది, ఆమె చేసినది తాను తీసుకుంటుంది. ఇద్దరూ టోపీకో సంచికో గుచ్చుకుని తమ తమ గుడారాలకు వెళ్లిపోతారు. గర్ల్ గైడ్లు, గర్ల్ స్కౌట్ల ఉద్యమంలో ఈ వస్తువును స్వాప్ అంటారు. ఈ వ్యాసంలో గురుతు అనుకుందాం.

చూడటానికి ఇంతే. కానీ పిల్లలను శిబిరానికి తీసుకెళ్లే గైడ్ కెప్టెన్‌ను కదిపి చూడండి, ప్రశ్నల చిట్టా విప్పుతారు. ఇంట్లో అమ్మ చేసిపెట్టిన గురుతు చెల్లుతుందా? దుకాణంలో కొన్నది తెస్తే? ఒకమ్మాయి ముత్యాలు, జరీ పెట్టి మెరిసేలా చేసింది, ఇంకో అమ్మాయి పాత నోటుపుస్తకం అట్టతో చేసింది. ఇద్దరూ మార్చుకుంటే న్యాయమేనా? నచ్చకపోతే వద్దనవచ్చా? చీటీ మీద ఫోను నంబరు రాస్తే తప్పేమిటి? ఎవరికీ ఇవ్వకుండా మిగిలిపోయినవి ఏం చేయాలి? పిల్లల ఆట కదా అని తీసిపారేయలేని ప్రశ్నలివి. ఎందుకంటే వీటన్నిటి అడుగున ఒకే చిక్కుముడి ఉంది. ఇది కానుకా, బేరమా అన్నది ఎవరూ తేల్చి చెప్పరు.

ముందు ఉద్యమం గురించి నాలుగు మాటలు. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ కొద్దిమంది అబ్బాయిలతో తొలి శిబిరం నడిపారు. 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల ర్యాలీ జరిగితే, ఎవరూ పిలవకుండానే కొందరు అమ్మాయిలు వచ్చి తమనూ చేర్చుకోమని నిలబడ్డారు. మరుసటి ఏడాదే గర్ల్ గైడ్స్ మొదలైంది. బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ దాన్ని నడిపించారు. మన దేశంలో తొలి గైడ్ కంపెనీ, అంటే గైడ్ల దళం, 1911లో జబల్‌పూర్‌లో ఏర్పడింది. అమెరికాలో జూలియట్ గోర్డన్ లో 1912 మార్చి 12న సవానా పట్టణంలో 18 మంది అమ్మాయిలతో ప్రారంభించారు. స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు స్కౌట్ సంఘాలు 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఒక్కటయ్యాయి, 1951 ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ సంఘమూ అందులో చేరింది. ఇప్పుడు మన బడుల్లో చిన్నపిల్లలు బుల్‌బుల్‌లు, పదేళ్లు దాటినవాళ్లు గైడ్లు, ఇంకా పెద్దవాళ్లు రేంజర్లు.

స్కౌట్ల జంబూరీల్లో, అంటే భారీ సమ్మేళనాల్లో, అబ్బాయిలు బ్యాడ్జీలు మార్చుకోవడం పాత ఆనవాయితీయే. చేతితో చేసిన గురుతులకు మాత్రం ఊపు తెచ్చింది అమెరికా అమ్మాయిలు. 1956 నుంచి 1965 వరకు అక్కడ నాలుగుసార్లు రౌండప్ పేరుతో భారీ శిబిరాలు జరిగాయి. దేశం నలుమూలల నుంచి వేలమంది వచ్చారు. తమ రాష్ట్రాన్ని తలపించే చిన్న వస్తువులు చేసుకొచ్చి పంచుకున్నారు. అక్కడి నుంచి ఈ అలవాటు గైడింగ్ ఉన్న చాలా దేశాలకు పాకింది. మన శిబిరాల్లో ఇప్పటికీ ఎక్కువగా చేతులు మారేవి స్కార్ఫులు, వాటిని మెడ దగ్గర పట్టి ఉంచే వాగిల్‌లు, జిల్లా బ్యాడ్జీలు. ఇవన్నీ కొన్నవి. చేసినవాటికీ కొన్నవాటికీ ఉన్న తేడా పట్టుకుంటే సగం చిక్కుముడి విడిపోతుంది కనుక, కాసేపు శిబిరం వదిలి నెల్లూరు చెరువుగట్టుకు వెళ్దాం.

నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా పక్కన, మొహర్రం సమయంలో రొట్టెల పండుగ జరుగుతుంది. ఆ పండుగ చూసినవాళ్లకు మార్పిడి అనే మాటకు ఎంత లోతు ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొంగు తలమీద కప్పుకుని, ఆడవాళ్లు “చదువు రొట్టె ఎవరి దగ్గరుంది?”, “ఉద్యోగం రొట్టె కావాలి” అని అడుగుతుంటారు. కోరిక తీరినవారు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవారు తీసుకుని తింటారు. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతింటి రొట్టె. ఈ మధ్య కాలంలో వీసా రొట్టె కూడా చేరింది. తీసుకున్నవారు కోరిక నెరవేరితే మళ్లీ వచ్చి అదే రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. ఎవరి దగ్గర తీసుకున్నారో వారికే తిరిగి ఇవ్వాలన్న పట్టింపు లేదు. ఇచ్చేవారు హిందువా, తీసుకునేవారు ముస్లిమా అన్న ఆరా కూడా నీళ్లలో ఉండదు.

ఫ్రాన్స్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో కానుకల మీద రాసిన వ్యాసంలో మూడు బాధ్యతలు చెప్పారు: ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం. మూడింటిలో ఏది తప్పినా బంధం తెగుతుంది. ఆయనకు ముందు 1922లో మానవ శాస్త్రవేత్త మలినోవ్‌స్కీ పాపువా న్యూ గినీ తీరంలోని ట్రోబ్రియాండ్ దీవుల గురించి రాశారు. అక్కడి మనుషులు పడవల మీద సముద్రం దాటి వెళ్లి, ఎర్ర గవ్వల హారాలు ఇచ్చి తెల్ల గవ్వల కడియాలు తెచ్చుకునేవారు. హారాలు దీవుల చుట్టూ ఒక దిక్కుగా, కడియాలు దానికి ఎదురుదిక్కుగా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఎవరూ శాశ్వతంగా దాచుకోరు. దాన్ని కులా అంటారు.

ఈ శాస్త్రమంతా మన ఇళ్లలో ఒక్క వాక్యంలో ఉంది. “ఇస్తినమ్మ వాయనం”, “పుచ్చుకుంటినమ్మ వాయనం”. ఇచ్చానని ఒకరు పైకి చెప్పాలి, పుచ్చుకున్నానని ఇంకొకరు పైకి చెప్పాలి. మౌనంగా చేతిలో పెట్టేసి వెళ్లిపోతే నోము పూర్తి కాదు. అట్లతద్దికి అమ్మాయిలు ముత్తయిదువులకు అట్లు వాయనమిచ్చేటప్పుడు కూడా ఇదే మాట. అవే అట్లు ఇంట్లో వంటింటి గడప దగ్గర తింటే అట్లే, కొంగు పట్టి మాట చెప్పి పుచ్చుకుంటే వాయనం.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. రొట్టెల పండుగలో తిరిగివ్వడం ఏడాదికి వాయిదా పడుతుంది, పైగా వేరే మనిషికి చేరుతుంది. అందుకే అక్కడ నమ్మకం కావాలి. కులాలో వస్తువు ఎక్కడా ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. వాయనంలో ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ వేరు, నోరు మాత్రం ఇద్దరూ విప్పాలి. గైడ్ల గురుతులో ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ ఒకే నిమిషంలో అయిపోతాయి. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు. మళ్లీ ఎప్పుడూ కలవని ఇద్దరు అమ్మాయిలకు ఇంతకంటే వీలైన పద్ధతి లేదు. బాకీ మిగలకూడదు, కానీ గుర్తు మిగలాలి.

అక్కడే ప్రమాదం కూడా పొంచి ఉంది. ఒకే నిమిషంలో ఇచ్చి పుచ్చుకునేది బజారులోనూ ఉంది కదా. డబ్బిచ్చి టమాటాలు తీసుకోవడమూ అదే నిమిషంలో అయిపోతుంది. గురుతు చూస్తూ చూస్తూ బేరంగా మారకుండా ఆపేది ఏది?

జంబూరీ బ్యాడ్జీల చరిత్ర చూస్తే బేరం ఎలా చొరబడుతుందో తెలుస్తుంది. బ్యాడ్జీ ముద్రించినది, లెక్కబెట్టి చేసినది. కొన్ని అరుదైనవి, కొన్ని ఎక్కడపడితే అక్కడ దొరికేవి. అరుదైన ఒక్కదానికి మామూలువి మూడు అడగడం మొదలవుతుంది. పెద్దవాళ్లలో సేకరణ పిచ్చి ఉన్నవాళ్లు పిల్లల చుట్టూ తిరుగుతారు. అందుకే జంబూరీల్లో పెద్దలు పెద్దలతోనే, పిల్లలు పిల్లలతోనే మార్చుకోవాలన్న కట్టుబాటు పుట్టింది. చేతితో చేసిన గురుతుకు ఈ తెగులు అంత సులభంగా పట్టదు. దానికి బజారు ధర లేదు. ఒంగోలు అమ్మాయి చేసిన అట్టముక్క ఎద్దుకు రేటెంత అని ఎవరు చెబుతారు? చేసింది కనుకే ధర లేదు. కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: అమ్మ చేసిపెట్టింది, దుకాణంలో కొన్నది రెండూ పనికిరావు. అవి చూడటానికి బాగుండవని కాదు, నిజానికి అవే బాగుంటాయి. స్కూలు ప్రాజెక్టుల పుణ్యమా అని మన తల్లిదండ్రులు థర్మోకోల్ తాజ్‌మహళ్లు కట్టడంలో ఆరితేరి ఉన్నారు. కానీ “ఇది ఎలా చేశావు?” అని ఎదుటి అమ్మాయి అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు.

గైడ్ నియమాలు తొమ్మిది. అందులో మూడోది, గైడ్ అందరికీ మిత్రురాలు, తోటి ప్రతి గైడ్‌కూ సోదరి అంటుంది. ఎనిమిదోది పొదుపు. నా ఉద్దేశంలో ఈ రెండూ చాలు, మిగతా కట్టుబాట్లన్నీ వీటిలోంచే పుడతాయి. పొదుపు అంటే ఒక్కో గురుతుకు పెట్టే ఖర్చుకు పరిమితి. ఇది పేద పిల్లల కోసం పెట్టిన రాయితీలా కనిపిస్తుంది గానీ, డబ్బున్న పిల్లల కోసమే ఎక్కువ అవసరం. యూనిట్ మొత్తానికి ఒకే పెట్టెలో సామగ్రి పెట్టి, అందరూ అందులోంచే తీసుకుని చేయాలని కెప్టెన్ నిర్ణయిస్తే సగం గొడవ తీరిపోతుంది. దర్జీ కొట్లో ఊడ్చి పారేసే పేలికలు, పెళ్లి శుభలేఖల అట్టలు, ఊడిపోయిన చొక్కా గుండీలు, ఐస్‌క్రీం పుల్లలు. కొనాల్సింది జిగురు, పిన్నీసుల అట్ట. అంతే.

మూడో నియమంలోంచి పుట్టేది అన్నిటికంటే కష్టమైన కట్టుబాటు: ఎవరైనా గురుతు చాచి అడిగితే వద్దనకూడదు. పెద్దలకే కష్టం ఇది. పదకొండేళ్ల పిల్ల చేతిలో మెరిసే ముత్యాల సీతాకోకచిలుక ఉంది. ఎదుటి పిల్ల చేతిలో వంకరగా కత్తిరించిన అట్ట, దాని మీద స్కెచ్ పెన్నుతో గీసిన చేప. “నాది బాగాలేదు మేడమ్, ఎవరూ తీసుకోరేమో” అని ఆ రెండో పిల్ల ముందురోజు రాత్రే కెప్టెన్ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుని ఉంటుంది. వద్దనే హక్కు ఉంటే శిబిరంలో అరగంటలో అంతస్తులు ఏర్పడతాయి. మంచి గురుతులవాళ్లు వాళ్లలో వాళ్లే తిరుగుతారు, మిగతావాళ్లు గుడారం తాళ్ల దగ్గర నిలబడి చూస్తుంటారు. వద్దనే హక్కు తీసేస్తే ఆ ఎంపికే ఉండదు. ఒకటికి ఒకటి, ఎవరు అడిగితే వారికి. బస్సులో సంచి పోయి ఖాళీ చేతులతో వచ్చిన పిల్ల ఉంటే? కెప్టెన్ సంచిలో అదనంగా కొన్ని ఉండాలి, ఆ పిల్లకు రహస్యంగా అందాలి.

ఇక్కడ నాకు ఒక చిన్న పేచీ ఉంది. చాలామంది కెప్టెన్లు మంచి గురుతుకు బహుమతి ప్రకటిస్తారు. బహుమతి పెట్టగానే పైన చెప్పిన అంతస్తులు పెద్దల చేతుల మీదుగానే తిరిగి వచ్చేస్తాయి. చేతిపనుల పోటీ పెట్టాలనుకుంటే వేరే రోజు పెట్టుకోవచ్చు.

ఇక గురుతుగా ఏ వస్తువు చేయాలి? ఇదే అసలు రుచి ఉన్న భాగం, మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలు దీనికి తక్కువేమీ కాదు. గురుతు మీ ఊరు గురించి ఒక మాట చెప్పించాలి. చూడగానే “ఇదేమిటి?” అని అడిగించాలి. భారతదేశం పటం, జాతీయ జెండా, గులాబీ పువ్వు ఎవరైనా తెస్తారు, ఎవరూ ఏమీ అడగరు.

ఒంగోలు గిత్త సంగతి తీసుకోండి. తెల్లని ఒళ్లు, పెద్ద మూపురం, పొట్టి కొమ్ములు. ఈ జాతి పశువులు 19వ శతాబ్దం నుంచి ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటి సంతతిని పిలిచే పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. బ్రెజిల్ మాంసపు పశువుల్లో పెద్ద భాగం ఈ వంశానివే. ఒంగోలువాళ్లకు ఇది కాస్త మింగుడుపడని విషయం. పశువు మాది, పేరు పక్కజిల్లాది. పుణెలోని సంగమ్‌లో, 1966లో తెరిచిన గైడ్ల ప్రపంచ కేంద్రంలో, బ్రెజిల్ అమ్మాయి ఎవరైనా తారసపడితే నెల్లూరు అమ్మాయి తన ఊరి పేరు చెప్పి చూడాలి. ఆమెకు ఊరు కాదు, ఆవు గుర్తుకు వస్తుంది. తెల్ల ఫెల్టు గుడ్డతో మూపురం తెలిసేలా కత్తిరించిన ఒక ఎద్దు బొమ్మకు ఇంతకంటే మంచి కథ దొరకదు.

చీమకుర్తి గ్రానైట్ ఇంకొకటి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే ఆ రకాన్ని బ్లాక్ గెలాక్సీ పేరుతో ప్రపంచమంతా కొంటుంది. రాతిముక్క తేవాల్సిన పని లేదు. అది బరువు, అంచులు కోసుకుంటాయి. నల్ల అట్టను రూపాయి బిళ్లంత కత్తిరించి, పంటిపుల్ల మొనతో బంగారు రంగు చుక్కలు పెడితే చాలు. చుక్కలు వరసగా పెట్టకూడదు, అక్కడొకటి ఇక్కడొకటి చెదరాలి. వరసగా పెడితే చీర అంచు అవుతుంది. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. నిజం చెంచా కొనుక్కొస్తే మంచి కానుకే, గురుతు మాత్రం కాదు. ఐస్‌క్రీం పుల్లను గరుకు కాగితంతో రుద్ది చెంచా ఆకారానికి తెచ్చి, పిడి మీద సూదితో చిన్న గీతలు గీయవచ్చు.

నేత గుడ్డతో ఏదైనా చేయాలనుకునేవారు పటం ఒకసారి చూసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో వెంకటగిరి తిరుపతి జిల్లాకు, చీరాల బాపట్ల జిల్లాకు వెళ్లాయి. పాత అలవాటు కొద్దీ వెంకటగిరి జరీ, చీరాల నేత మావేనని చెబితే పక్క గుడారంలోని అమ్మాయిలు ఊరుకోరు. అయినా ఆ వాదన మొదలైతే మంచిదే, అరగంట స్నేహం గ్యారంటీ.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చేది మార్కాపురం పలక. బడికి వెళ్లిన తొలిరోజు చాలామంది తెలుగు పిల్లల ఒళ్లో ఉన్నది ఆ ఊరి రాయే. చేయడం కాస్త దగ్గరగా చూద్దాం. నల్ల అట్టను నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పు కత్తిరించాలి. అగ్గిపుల్లల మందు తలలు తీసేసి, నాలుగు వైపులా చట్రంలా అంటించాలి. ఇక్కడే తొందరపడే పిల్లలు చెడగొట్టుకుంటారు: నాలుగు పుల్లలూ ఒకేసారి అంటిస్తే మూలలు జారిపోతాయి. ముందు రెండు పొడవు పుల్లలు, అవి ఆరాక రెండు అడ్డం పుల్లలు. పైపుల్ల నడుమ చిన్న దారం ఉచ్చు. సుద్దముక్కను చెక్కి సూదిమొన చేసుకుని పలక మీద ఒక అక్షరం రాయాలి. అది ఏ అక్షరమన్నది ముందే రాసి తేకూడదు. ఎదుటి అమ్మాయి పేరు అడిగి, ఆ పేరులోని మొదటి అక్షరం తెలుగులో ఆమె చూస్తుండగా రాసివ్వాలి. 2023 జనవరిలో రాజస్థాన్‌లోని పాలీ జిల్లా రోహట్‌లో జరిగిన 18వ జాతీయ జంబూరీ వంటి చోట దీని సత్తా తెలుస్తుంది. మార్వాడీ మాట్లాడే అమ్మాయికి తన పేరు తెలుగు అక్షరంలో కనిపిస్తుంది, ఈ అమ్మాయి హిందీ వాక్యం వెతుక్కునే అవస్థ తప్పుతుంది. సుద్ద చెరిగిపోతుందన్న బెంగ ఉంటే రాసేది తెల్ల స్కెచ్ పెన్నుతో.

తేకూడనివి కొన్ని ఉన్నాయి. తినేవి వద్దు. చీమలు పడతాయి, ఎవరికి ఏది పడదో తెలియదు. గాజుముక్కలు వద్దు. నెల్లూరు జిల్లా సైదాపురం వైపు అభ్రకం రేకులు తళతళలాడుతూ పిల్లలను ఊరిస్తాయి, కానీ అవి పొరలు పొరలుగా రాలి పొడి కళ్లలో పడుతుంది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఏరిన మామూలు చిన్న గవ్వలు జిల్లా శిబిరం వరకు పరవాలేదు. కొన్ని జాతుల శంఖాలు, గవ్వలు మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, తెలియనిది ముట్టకపోవడమే మేలు. నెమలీక రాలి దొరికినదే అయినా దేశం దాటించడం నిషేధం. ఎర్రచందనం ముక్క ఎంత చిన్నదైనా జోలికి పోవద్దు. ఆ చెట్టు మన తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు, అంతర్జాతీయ నియంత్రణ జాబితాలో ఉంది, స్మగ్లింగు కేసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. విదేశీ శిబిరానికి వెళ్లేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. వడ్లు, గింజలు, గడ్డి, తాటాకు, పుల్ల, గవ్వ వంటివి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాల విమానాశ్రయాల్లో ముందే చెప్పి చూపించాలి, చాలాసార్లు అక్కడే వదిలేయాలి. వరికంకి గురుతు మన నెల్లూరుకు ఎంత సరిపోయినా, గుడ్డతోనూ దారంతోనూ చేసిన కంకి అయితేనే సరిహద్దు దాటుతుంది. ఆ లెక్కన మన అగ్గిపుల్లల పలక కూడా విదేశం వెళ్తే అట్ట చట్రంతోనే వెళ్లాలి.

చీటీ విషయం పెద్దవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. గురుతు వెనక చిన్న చీటీ ఉంటుంది, ఎవరిచ్చారో తర్వాత గుర్తుపట్టడానికి. అందులో రాయాల్సినవి నాలుగే: ఇంటిపేరు లేకుండా అమ్మాయి పేరు, జిల్లా, ఏ శిబిరం, ఏ ఏడాది. ఫోను నంబరు, ఇంటి చిరునామా, సామాజిక మాధ్యమాల ఖాతా పేరు, ఫొటో రాయకూడదు, అంటించకూడదు. బడి పేరు కూడా వద్దంటాను నేను. గురుతు చేతులు మారుతుంది, టోపీ మీద నెలల తరబడి ఉంటుంది, బస్సులో పక్కన కూర్చున్న ఎవరైనా చదవవచ్చు. పేరూ బడీ రెండూ తెలిస్తే పిల్లను వెతకడం ఎంతసేపు? నిజంగా స్నేహం కుదిరి ఉత్తరాలు రాసుకోవాలనుకుంటే ఇద్దరి కెప్టెన్లు మాట్లాడుకుని, యూనిట్ చిరునామా ద్వారా నడిపించవచ్చు. శిబిరానికి వచ్చిన పెద్దలు విడిగా పిల్లలతో గురుతులు మార్చుకోకూడదన్న నియమం కూడా ఇందుకే. అతిథిగా వచ్చిన పెద్దమనిషి ముచ్చటపడి ఒకటి అడిగితే పిల్ల కాదనలేదు. అప్పుడు కెప్టెన్ తన సంచిలోంచి ఒకటి తీసి ఇవ్వడం మర్యాదగా ఉంటుంది.

తీసుకున్న గురుతును ఇంకొకరికి ఇచ్చేయవచ్చా అన్నది తరచూ వచ్చే సందేహం. కులాలో అయితే ఇవ్వాల్సిందే, రొట్టెల పండుగలో రొట్టె తినాల్సిందే. ఇక్కడ మాత్రం ఉంచుకోవాలి. అది ఇచ్చిన అమ్మాయి ఇంకా రెండు గుడారాల అవతలే ఉంటుంది, తన ఎద్దు ఇంకెవరి టోపీ మీదో కనిపిస్తే ఏమనుకుంటుంది? గుచ్చుకునేది కూడా యూనిఫారం మీద కాదు, అక్కడ అధికారిక బ్యాడ్జీలకే చోటు. ఎండకు పెట్టుకునే టోపీ, గుడ్డసంచి, లేదా ఇంట్లో గోడకు వేలాడదీసే పాత ఓణీ ముక్క.

చివరికి ఎన్ని చేయాలన్న లెక్క. 24 మంది ఉన్న కంపెనీలో ప్రతి అమ్మాయీ మిగతా 23 మందికీ ఇవ్వాలంటే 552 గురుతులు కావాలి, 276 మార్పిడులు జరగాలి. అంత పని పెట్టుకుంటే పిల్లలు రెండో రోజుకే జిగురు సీసా విసిరేస్తారు. పెద్ద శిబిరంలో వెయ్యిమంది ఉంటే ఆ ఊసే వద్దు. ఫిబ్రవరి 22న ప్రపంచ చింతన దినం జరుపుతారు, బేడెన్ పావెల్, ఆయన భార్య ఓలేవ్ ఇద్దరి పుట్టినరోజూ అదే. ఆ రోజున నెల్లూరు కంపెనీ ఒకటి, ఒంగోలు కంపెనీ ఒకటి కలుసుకున్నాయనుకుందాం. చెరొక 12 మంది. నెల్లూరువాళ్లు లోపలి వలయంగా బయటికి తిరిగి, ఒంగోలువాళ్లు బయటి వలయంగా లోపలికి తిరిగి నిలబడాలి. ఎదురెదురుగా ఉన్న ఇద్దరికీ రెండు నిమిషాలు. పేరు, గురుతు ఏమిటి, ఎలా చేశావు, ఇచ్చి పుచ్చుకోవడం. ఈల వేయగానే బయటి వలయం ఒక అడుగు కుడికి జరగాలి. 12 ఈలలకు, అంటే 24 నిమిషాల్లో, ప్రతి నెల్లూరు అమ్మాయీ ప్రతి ఒంగోలు అమ్మాయినీ కలుస్తుంది. ఒక్కొక్కరు చేయాల్సినవి 12, కెప్టెన్ సంచిలోకి అదనంగా రెండు. సొంత కంపెనీ వాళ్లతో మార్చుకోవడం ఈ లెక్కలో లేదు, వాళ్లు రోజూ కనిపించేవాళ్లే.

ఒంగోలు నుంచి 12 మందికి బదులు 13 మంది వస్తే బయటి వలయంలో ప్రతి విడతా ఒకరు ఎదుట ఎవరూ లేకుండా మిగులుతారు. ఈలలు 13 అవుతాయి, నెల్లూరు పిల్లలు ఒక్కో గురుతు ఎక్కువ చేయాలి. ఆ విడతకు మిగిలిన అమ్మాయి చేతికి గడియారమూ ఈలా ఇస్తే సరి, కెప్టెన్లు ఇద్దరూ ఓ పక్కన కూర్చుని టీ తాగవచ్చు.